మరచిపోని బ్రౌజర్

మా ఊరికి ఇంటర్నెట్ కొండ మీద ఉంటుంది. కాఫీ తోట దాటి, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల మధ్య నుంచి పైకి పోతే ఒక నల్ల బండ వస్తుంది. దాని మీద నిలబడి ఫోను పైకెత్తితే రెండు గీతలు పడతాయి. మంచు కమ్మితే అవీ పోతాయి. కబుర్లూ బొమ్మలూ అక్కడే చూసుకుని, మళ్ళీ మామూలు మనుషులమై కిందికి దిగుతాం.

ఆ బండ మీదే నాకు కనకమ్మ కనిపించింది.

కనకమ్మ మా అత్త సోములమ్మకు అప్ప, తోడబుట్టిన పెద్దది. పోయి రెండేళ్ళవుతోంది. మాకు కొత్త అంటే తొలి పంట పండగ. ఆ కొత్త పాట ఆమెదే. కొత్త సామలు ఇంటికొచ్చినా ముహూర్తం చూసే దిసారి రోజు చెప్పి, ఊరి దేవుడైన నిశాని రాయి దగ్గర మొదటి పిడికెడు పెట్టేదాకా ఎవరం నోట పెట్టం. ఏడ్చే పిల్లకైనా పెట్టం. పాటా అంతే. కొత్త కాకముందు పాడకూడదు, వినకూడదు. కనకమ్మ పోయాక కొత్తలో డప్పు ఒక్కటే మోగింది. ఇప్పుడు పెద్దది మా అత్త. పాడమని అడిగితే "నాకు రాదు" అని గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. నిజంగానే రాదో, అప్ప లేకుండా గొంతు పెగలదో నాకు తెలియదు.

ఆ రోజు బండ మీద తోచక మా కొండ పేరు కొట్టి వెతికాను. ఏదో పేజీ తెరుచుకుంది. నేను పుట్టకముందెప్పుడో చదువుకునే పిల్లలు కొండల్లో పాటలు పోగుచెయ్యడానికి వచ్చారట. ఒక ఫొటోలో వయసులో ఉన్న కనకమ్మ, నోరు సగం తెరిచి ఉంది. కింద తెలుగులో "కొత్త పాట" అని ఉంది, ఇంకా కింద చిన్న ఇంగ్లీషు అక్షరాలు, నొక్కితే వినిపించే ముక్కోణం. నా బొటనవేలు దాని మీదికి వెళ్ళిపోయింది. వెంటనే వెనక్కి లాక్కున్నాను. కొత్తకి ఇంకా నెల ఉంది.

పరుగున దిగొచ్చి అత్త ముందు ఫోను పెట్టాను. అప్పటికే అది అంతా మరచిపోయింది. తెల్లటి తెర మీద, నెట్ లేదన్న ముక్క మాత్రం ఉంది.

"ఏటే గుంటా, మా అప్పని సూపిత్తానని తెల్ల కాయితం సూపిత్తన్నావు?"

"పైన ఉందత్తా. ఒట్టు."

"పైనుంటే నాకేటి? నా మోకాలు ఎక్కనిత్తదా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కపాలి దాని గొంతు ఇనాలనుందే రమణీ. కొత్త నాడు అది పాడితే, నాను పక్కన కూకుంటాను. అంతే సాలు" అంది.

అత్త నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. తిట్టడమే గానీ అడగడం తెలియని మనిషి.

సంతనాడు పెదబయలు వెళ్ళాను. అక్కడ సెల్లు కొట్టు నడిపే ప్రసన్న నర్సీపట్నం నుంచి వచ్చి స్థిరపడింది. నోరు ఆగదు, చెయ్యీ ఆగదు.

"బ్రౌజర్ మార్చాలి ప్రసన్నక్కా."

"దా, దా. ఇది సూడు, బలే స్పీడు. నొక్కేలోగా తెరుసుకుంటాది."

"బేగి తెరుసుకునేది వద్దు. మరిసిపోనిది కావాల."

టీ కొట్టుకొచ్చి కిరసనాయిలు అడిగినట్టు చూసింది నన్ను. సంగతంతా చెప్పాక మాత్రం స్టూలు లాగి కూర్చోబెట్టింది.

మొదట ఎర్ర బొమ్మ ఉన్నది ఎక్కించింది. పేజీ తెరిచామో లేదో కనకమ్మ మొహం మీద పేకముక్కలు రాలాయి, ఆడితే లక్షలంట. "మా పెద్దత్త మొహమ్మీద రమ్మీ ఏటక్కా!" అని నేనే తీసి పారేశాను. రెండోది నెట్ తక్కువ తింటుందంట. తక్కువ తిని, కనకమ్మ ఫొటోని కూడా వదిలేసి, ఒట్టి అక్షరాలు మిగిల్చింది. మూడోది ప్రసన్న తన ఫోనులో వాడుకునేది. ఘాట్ రోడ్డు మీద బస్సులో సిగ్నల్ పోయినా దేవుడి పాటలు ఆగకుండా ఉంటాయని పెట్టుకుందట. దానికి సోకు లేదు. ఒక బాణం గుర్తు నొక్కితే పేజీని బొమ్మతో, చప్పుడుతో సహా లోపల దాచుకుంటుంది. కొట్టులోని వైఫైతో నొక్కాం. చిన్న గుండ్రం చాలాసేపు తిరిగి, టిక్కు పడింది.

"సప్పుడు దిగిందో లేదో నొక్కి సూద్దుం" అని ప్రసన్న వేలు పెట్టబోయింది.

నేను ఫోను లాక్కున్నాను. "వద్దక్కా! ఇంకా కొత్త రాలేదు."

"మరి ఆ రోజు సప్పుడు రాకపోతే?"

ఫోను మూసి లేచాను. ఇంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని సరిచూసుకోకుండా కొంగున కట్టుకుని పోయేది మా ఊరివాళ్ళమే.

అత్త ఆ ఫోనును నా చేతిలో ఉండనివ్వలేదు. విత్తనాల సామకంకులు దాచే బుట్టలో పెట్టి, పొయ్యికి దూరంగా వేలాడదీసింది. పొద్దున్నే మంచు గుమ్మం దాటి లోపలికొచ్చి మాతోపాటు కూర్చునేది. "గట్టిగా మాటాడకే, అప్ప తొంగుంది" అనేది అత్త. చార్జింగ్ పెట్టే వేళకు "దానికి కూడెట్టావా?" అని అడిగేది. నేను నవ్వేదాన్ని గానీ, నా గొంతూ తగ్గిపోయేది. ఇల్లంతా ఎవరో నిద్రపోతున్నట్టే ఉండేది. కళ్ళు మూస్తే చాలు, కనకమ్మ ఆ ఫోను లోపల నెత్తిన మోపుతో నడుస్తుండేది, ఆమె చుట్టూ ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది. ఫోను నిండిపోయిందని తెర మీద పడినప్పుడల్లా ఏదో ఒకటి తీసేసేదాన్ని. నా ఫొటోలు తీసేశాను. చెల్లి పెళ్ళి వీడియోలు తీసేశాను. చివరికి దానిలో కనకమ్మ ఒక్కతే మిగిలింది.

కొత్త వచ్చింది. కొత్త కుండలో సామలు వండి, అడ్డాకులో నిశాని రాయికి పెట్టారు. డప్పు ఆగింది. ఊరంతా నా వైపు చూసింది. అత్త ఉతికిన చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడికొచ్చిన పిల్లలా కూర్చుంది.

బ్రౌజర్ తెరిచాను. ఫొటో ఉంది, అక్షరాలున్నాయి. ముక్కోణం నొక్కాను. ఏమీ లేదు. అప్పుడు ఎక్కడో కోడి కూసింది. ఊళ్ళో కూసిందో ఫోనులో కూసిందో తెలియలేదు. కనకమ్మ గొంతు సవరించుకుంది. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు పాడకూడదు బాబూ" అంది కనకమ్మ. "ఇంకా కొత్త రానేదు."

ఎవరో కుర్రాడు రెండు ముక్కలైనా పాడమని బతిమాలాడు.

"రెండు ముక్కలైనా తప్పే. కొత్త నాడు రండి. నానున్నా నేకపోయినా మా సోముల్ది ఉంటాది. దానికంతా వొచ్చు. నాకన్నా బాగా పాడతాది, సిగ్గెక్కువ గానీ."

వెనక ఎవరో పడుచుపిల్ల కిసుక్కున నవ్వింది.

"ఏటా నవ్వు, సోములూ? ఇలాగ రా."

అంతే. ఆగిపోయింది. పాట లేదు.

నాకు ఏడుపొచ్చింది. దీనికోసమా ఇన్నాళ్ళు కాపలా కాశాను! మళ్ళీ నొక్కబోతుంటే అత్త ఫోను మీద చెయ్యి పెట్టింది. ఆమె కళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం ఇందాకటి నవ్వు నవ్విన పిల్లదే.

"పిలుత్తంది కదే" అంది నాతో. "వొత్తన్నానప్పా" అంది ఫోనుతో.

నా భుజం పట్టుకుని లేచి, కుంటుకుంటూ రాయి దగ్గరికి వెళ్ళింది. పాట మొదటి ముక్కకు గొంతు పగిలింది. రెండో ముక్కకు డప్పు వచ్చి కలిసింది. ఆ తర్వాత ఆమె ఆగలేదు. మధ్యలో ఒక చరణం దగ్గర ముసలివాళ్ళు మొహాలు చూసుకున్నారు. అక్కడ సొంతంగా అల్లిందేమో. అడగడానికి కనకమ్మ లేదు, అత్తను అడిగే ధైర్యం ఎవరికీ లేదు.