ఈస్టర్ తర్వాత

ఈ పైగుండీ మా ఆవిడ ద్రిత కావాలనే పెట్టింది, వద్దే ఊపిరాడటం లేదంటే ఒక్క పూటకి చచ్చిపోవులే అంది, నిజమే, ఇరవై మూడేళ్ళు ఈ దేశంలో రాళ్ళు మోసిన మెడకి ఒక గుండీ బరువా, బరువు గుండీది కాదు, గొంతులో పదహారు మాటలున్నాయి, లెక్కపెట్టాను, సరిగ్గా పదహారు, వాటిలో పదకొండోది ఒక్కటే పొడుగు, రాజ్యాంగం అన్న మాట, ఇటాలియన్లో అది బండరాయిలా నోటికి అడ్డం పడుతుంది, మిగతావన్నీ గులకరాళ్ళే, ఎలాగో దాటొచ్చు, మున్సిపాలిటీ వసారాలో ఈ బల్ల మీద నలుగురం వరసగా కూర్చున్నాం, నా పక్కన ద్రిత, హోటల్లో దుప్పట్లు మార్చే చేతులకి ఈ రోజు గోళ్ళరంగు, దాని పక్కన పన్నెండేళ్ళ ఎన్కెల, కాళ్ళూపుతూ, నాన్నా నువ్వు ప్రమాణం చదవగానే నేను ఇటాలియన్ అయిపోతానా, అప్పటికప్పుడేనా, ఒంటికేమన్నా తెలుస్తుందా అని అడుగుతోంది, చక్కిలిగింత పెట్టినట్టుంటుందే అని మిర్యెత నవ్వింది, మిర్యెత మా పెద్దది, చివర్న కూర్చుంది, ఒళ్ళో నీలం ఫైలు, మా నలుగురి శాశ్వత నివాసం కార్డులు, నా పని కాగితాలు, అద్దె కాగితాలు, అన్నీ తేదీల వరసన అదే పేర్చింది, అందరి కాగితాలూ మోస్తోంది గాని ఈ రోజు దానికేమీ రాదు, ద్రిత అర్జీ వేరే ఉంది, అది నడుస్తోంది, చిన్నది నాతో పాటే పౌరురాలైపోతుంది, తండ్రి ప్రమాణం చేసే రోజుకి పద్దెనిమిది నిండకపోతే చాలట, మిర్యెతకి నిండి పదమూడు రోజులైంది, పదమూడే, మూడేళ్ళప్పుడు మా ఊరు లుష్న్యె నుంచి నా భుజం మీద నిద్రపోతూ వచ్చిన పిల్ల, ఇక్కడే అ ఆ లు దిద్దింది, ఇక్కడి సముద్రంలోనే ఈత నేర్చింది, కోస్ట్‌గార్డులో చేరతానని మూడేళ్ళుగా ఒకటే పాట, జూన్‌లో ఆ పరీక్షకి అర్జీలు, పౌరులే పెట్టాలి, ఇప్పుడిక దాని అర్జీ అదే పెట్టుకోవాలి, ముందు ఉద్యోగం చూపించాలి, తర్వాత కాగితం కదలాలి, నా కాగితం కదలడానికే నాలుగేళ్ళు పట్టింది, అప్పటికి ఆ పరీక్షకి వయసే దాటిపోతుంది.

ఆఫీసు వాళ్ళకేం, ఒక్క పదిహేను రోజులు ముందు పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది, అని పుట్టినరోజు వెళ్ళిన వారానికి వంటింట్లో మిర్యెత అరిచింది, అరుస్తూ నా ముఖంలోకే చూసింది, ఒక మాట అని ఆగింది, ఇంకో మాట అని మళ్ళీ ఆగింది, ఆ ఆగినచోటల్లా నేనందుకున్నాను, దానికంటే గట్టిగా, బల్ల గుద్ది మరీ, వీళ్ళింతే తల్లీ, మనం వీళ్ళ కంటికి మనుషులమే కాం, నేను పడవ దిగిన రోజు నుంచీ ఇంతే, రాళ్ళెత్తడానికి కావాలి గాని మనం కుర్చీలో కూర్చుంటే ఓర్వలేరు అన్నాను, అందులో సగం అబద్ధం కూడా కాదు, అదే దరిద్రం, నిజాలు ఏరి తెచ్చి నా తప్పు చుట్టూ గోడ కట్టుకున్నాను, నాకొచ్చిన పని అదేగా, ద్రిత మంచినీళ్ళిచ్చింది, ఎందుకయ్యా అంత ఆవేశం, గుండె పట్టుకుంటుంది అంది, సిగ్గులేకుండా గ్లాసంతా తాగాను, ఇప్పుడు అద్దాల గదిలో ఈ ప్రమాణాల పని చూసే డోనాటెల్లా గారు కాగితాలు సర్దుకుంటున్నారు, ఆవిడ నోటి మీంచి నా చూపు కదలడం లేదు, ఆవిడ చాలా మంచి మనిషి, మంచివాళ్ళతోనే వచ్చింది ప్రమాదం, నువ్వడిగిన తేదీయే కదా నజ్మీ అని నవ్వుతూ ఒక్క మాట అనేస్తే చాలు.

నేనే అడిగాను, జనవరిలో, చేతిలో పౌరసత్వం ఉత్తర్వు పట్టుకుని ఒక్కణ్ణే వచ్చాను, ఆవిడ లేచి నిలబడి నా చెయ్యి ఊపేసింది, శుభమా అని వచ్చింది కదయ్యా, వచ్చే గురువారం ఖాళీ ఉంది, ఇంటిల్లిపాదినీ తీసుకురా, మేయర్ గారి ముందు ఒక్క వాక్యం చదవడమే అంది, చదవడమా, అవును, అందరూ వినేలా గట్టిగా, అంతే, ఆరో తరగతిలో నన్ను లేపి మా దేశం ఏలే నాయకుడి మీద పాఠం చదవమన్నారు, అక్షరాలు చీమల్లా పాకాయి, రెండో వరస దగ్గర ఆగిపోయాను, మాస్టారు ముందు బల్ల మీది అమ్మాయిని పిలిచి నా మెడలోని పార్టీ ఎర్ర రుమాలు విప్పించాడు, యాభై మంది ముందు, ఆ ముడి విప్పుతున్న వేళ్ళు చల్లగా తగిలాయి, మర్నాటి నుంచి ఊరి ఉమ్మడి సమితి గొర్రెల వెంట పోయాను, బడికి పోలేదు, ఈస్టర్ తర్వాత పెట్టండమ్మా అని నా నోరు అనేసింది, ఈ ఊళ్ళో ఎవరు ఏది వాయిదా వెయ్యాలన్నా అనేది అదే కదా, గోడ కూలింది కట్టించవయ్యా అంటే ఈస్టర్ తర్వాత, పన్ను పీకించుకో అంటే ఈస్టర్ తర్వాత, అంత దూరమా, సరే నీ ఇష్టం, ఈస్టర్ వెళ్ళిన గురువారం అని రాసుకుంటున్నా, పెద్దమ్మాయికి పద్దెనిమిది నిండేలోపు అవ్వాలి సుమా అంది, నిండేది ఏప్రిల్ పదకొండుకి కదా, ఈస్టర్ మార్చి చివర్న అయిపోతుంది, పోయినేడు అప్పుడేగా వచ్చింది, అనుకున్నాను, పండుగకి ఒక తేదీ ఉంటుందనుకున్నాను, దేవుణ్ణే నిషేధించిన దేశంలో పెరిగినవాణ్ణి, మాకు తెలిసినవన్నీ తేదీల పండుగలే, మే ఒకటి అంటే మే ఒకటే, ఈ పండుగ చంద్రుణ్ణి పట్టుకుని ఏటికో చోటికి జరుగుతుందని ఇన్నేళ్ళున్నా నాకు పట్టలేదు, సెలవిస్తే ఇంట్లో పడుకునేవాణ్ణి గాని క్యాలెండరు ఎవడు చూశాడు.

తెలియక చేశాను అని సరిపెట్టుకుందామంటే అదీ లేదు, తెలిసింది, మార్చి రెండో వారంలోనే తెలిసింది, ఆలివ్ తోటలో కోసిమోతో కలిసి రాతిగోడ పేరుస్తున్నాం, ముసలాడు ఏదో లోకాభిరామాయణం మాట్లాడుతూ ఈసారి ఈస్టర్ బాగా ఆలస్యం రా నజ్మీ, ఏప్రిల్ ఇరవై, అప్పటికి పండక్కి కొయ్యాల్సిన గొర్రెపిల్లలు తాతలైపోతాయి, పళ్ళు లేని నేను ఆ మాంసం ఏం నమలను అన్నాడు, నా చేతిలోని రాయి కిందికి జారింది, ఏరా, ఎత్తిన రాయి కింద పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాను, చేతిలోకి వచ్చాక దాని చోటేదో వెతికి పెట్టాల్సిందే, లేకపోతే రోజంతా రాళ్ళెత్తడమే గాని గోడ లేవదు అని తిట్టాడు, మర్నాడు పని మానుకుని ఈ మెట్ల దాకా వచ్చాను, ఇంకా నాలుగు వారాలుంది, తేదీ ముందుకి జరపండమ్మా అంటే డోనాటెల్లా గారు నిమిషంలో జరిపేసేది, మెట్ల మీద నిలబడి ఆ పదహారు మాటలూ ఒకసారి అనుకున్నాను, పదకొండో దాని దగ్గర నాలిక మడత పడింది, ఎన్నో మెట్టు మీదున్నానో కూడా గుర్తుంది, నాలుగో మెట్టు, వెనక్కి తిరిగాను, సంతలో కూరకి ఆర్టిచోకులు కొనుక్కుని ఇంటికి పోయాను, కూతురి సముద్రం అమ్ముకుని ఆర్టిచోకులు కొన్న మొనగాణ్ణి, ఆ వేళ ద్రిత వాటిని నిమ్మకాయ పిండి వండింది, మిర్యెత రెండుసార్లు వడ్డించుకుంది, అలా చూస్తూ కూర్చున్నాను.

పిలుపొచ్చింది, పదండి పదండి అంటూ ద్రిత నా కాలరు సర్దింది, లోపల మేయర్ భుజం మీద మూడు రంగుల పట్టీ, ఇక్కడ కూడా మెడ కింద ఒక గుడ్డ, డోనాటెల్లా గారు నవ్వుతూ నోరు తెరిచింది, అయిపోయింది అనుకున్నాను, మిర్యెతా, ఉత్తర్వు అసలు కాగితం ఇస్తావా అమ్మా, నంబరు ఎక్కించాలి అంది, ఆ కాగితం ఫైల్లో లేదు, పనిముట్ల పెట్టెలో ఉలుల కింద నాలుగు మడతలు పెట్టి కుక్కాను, ఉత్తర్వు ఆలస్యంగా వచ్చిందనీ తేదీ ఆఫీసు వాళ్ళే పెట్టారనీ పుట్టినరోజు దాటాకే ఇంట్లో చెప్పాను, మా ఇంటికి వచ్చిన కాగితాల్లో మిర్యెత చదవనిది అదొక్కటే, ఎనిమిదేళ్ళప్పటి నుంచీ అన్నీ అదే చదివి వినిపించేది, కరెంటు బిల్లు, డాక్టరు చీటీ, బళ్ళో తన మీద టీచరు రాసి పంపిన ఫిర్యాదు కూడా తనే చదివేది, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఒక్క మాట తగ్గించకుండా, లేదమ్మా ఎక్కడో పోయింది అనబోయాను, ఫైలు తెరుచుకుంది, డిసెంబరు కాగితం తర్వాత, ఫిబ్రవరి కాగితానికి ముందు, దాని వరసలో అది ఉంది, మూల మీద ఉలి తుప్పు మరక, నాలుగు మడతల గీతలూ ఉన్నాయి గాని ఇస్త్రీ చేసినట్టు సాపుగా ఉంది, ఇస్త్రీ చేసినట్టు కాదు, ఇస్త్రీయే చేసింది, పైన జనవరి తొమ్మిది అని తేదీ, తీసి ఇచ్చింది, నా వైపు చూడలేదు.

చదువు నజ్మీ, తొందరేం లేదు అంటున్నాడు మేయర్, కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు, చీమలు కావు, అక్షరాలే, నా గొంతు ఎవరిదో అయినట్టు మొదలైంది, పది మాటలు దాటాయి, పదకొండోది అడ్డం పడింది, తలెత్తాను, ఎదురుగా మిర్యెత పెదాలు కదుపుతోంది, చప్పుడు లేకుండా, ఎనిమిదేళ్ళప్పుడు మందుల షాపులో నా చెయ్యి పట్టుకుని నిలబడి కదిపినట్టే, స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని మూడు నెలలు నేను వల్లించిందంతా తలుపు ఇవతల విన్నట్టుంది, దాన్ని చూసి అనేశాను, మిగతా ఐదూ వాటంతటవే దొర్లాయి, చప్పట్లు, ద్రిత ఏడుస్తోంది, నాకేం చక్కిలిగింత రాలేదు అని ఎన్కెల అలిగింది, ఎంత చక్కగా చెప్పావయ్యా అని మేయర్ చెయ్యిచ్చాడు, ఆ చేతిని పట్టుకున్నాను గాని నా చూపు ఆ సాపు చేసిన కాగితం మీదే ఉంది, ఎప్పుడు దొరికి ఉంటుంది, పుట్టినరోజు అయిన మర్నాడే ఈ ఫైలు సర్దింది, వంటింట్లో అరిచింది ఆ తర్వాత కదా, అరుస్తూ నా ముఖంలోకే చూసింది కదా, ప్రతి మాటకీ ఆగింది కదా, అది ఆఫీసుని తిట్టడం కాదు, నాకు చోటు విడవడం, తెలుసు దానికి, అప్పటికే తెలుసు, తన మీది ఫిర్యాదు ఒక్క మాట తగ్గించకుండా చదివిన పిల్ల, నా ఫిర్యాదు నేనే చదువుకుంటానని ఆగింది, ఇంకా ఆగే ఉంది.