ఏ నంబరుకూ లొంగని పాదాలు

చెప్పుల దుకాణంలో ఆడవాళ్ల విభాగం ఆమెది. ఎవరి పాదమైనా చూడగానే నంబరు చెప్పేసేది. ఎనిమిదో నెల వచ్చాక తన పాదాల సంగతే తనకు అంతుచిక్కలేదు. పొద్దున ఐదు, మధ్యాహ్నానికి ఆరు, సాయంత్రానికి ఏ నంబరుకూ లొంగని రెండు దిండ్లు. దుకాణం ఇచ్చిన నల్ల బూట్లు పట్టక ఆ రోజు మొగుడి రబ్బరు చెప్పులు వేసుకొచ్చింది.

మేనేజరు కంట పడింది. పనివాళ్లు ఆయన్ని చాటుగా ‘నిటారు’ అంటారు. డ్యూటీలో ఎవరూ కూర్చోకూడదన్నది ఆయన రూలు. తాను మాత్రం అద్దాల గదిలో తిరిగే కుర్చీలో కూర్చుని, ఇంకెవరైనా కూర్చున్నారేమోనని కెమెరాలో చూస్తుంటాడు. పాపం, అలసిపోయే పనే.

“ఏంటమ్మా ఈ చెప్పులు? బాత్రూంకి బయల్దేరావా, డ్యూటీకొచ్చావా?”

“రెంటికీ సార్. గంటకు నాలుగుసార్లు వెళ్లాల్సొస్తోంది.”

“అదే అడుగుదామనుకుంటున్నా. అక్కడంత పనేంటి?”

“బిడ్డ బరువంతా కిందికే సార్. ఆగట్లేదు.”

“కాళ్ల వాపంటావు, గుండెల్లో మంటంటావు, ఆయాసమంటావు. రోజుకో జబ్బు! మా ఆవిడ ఇద్దర్ని కన్నది. ఒక్కసారి అబ్బా అన్న పాపాన పోలేదు.”

ఆమె అరలవైపు తిరిగింది. బదులివ్వడానికి మాటలున్నాయి, ఊపిరే లేదు. ఉన్న కాస్త ఊపిరీ పై అరలోంచి పెట్టెలు దించడానికే చాలడం లేదు.

మధ్యాహ్నం ఒకావిడకు చెప్పు తొడగడానికి మోకాళ్ల మీద వంగింది. అంతే, కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయింది. అమ్మో అంటూ నేలమీద కూలబడింది. కొనడానికొచ్చినావిడ కంగారుగా భుజం పట్టుకుంది. అద్దాల గది తలుపు తెరుచుకుంది. కెమెరా తన పని తాను చేసింది మరి.

సరిగ్గా అప్పుడే మేనేజరు భార్య ఆయనకు అన్నం క్యారేజీ తెచ్చింది. ఆయనకు ఎక్కడలేని హుషారొచ్చింది.

“మంచి సమయానికొచ్చావు. డ్యూటీలో నేలమీద కూర్చుంది చూడు! నువ్వే చెప్పు, నీకెప్పుడైనా ఇలాంటి వేషాలున్నాయా?”

ఆవిడ క్యారేజీ కింద పెట్టి, ఆమె మడమ పట్టుకుని, కాలివేళ్లను మెల్లగా పైకి వంచింది. పిక్క వదులైంది. అప్పుడు మొగుడివైపు తిరిగింది.

“లేకేం? రెండోవాడప్పుడు రెండు నెలలు గోడకానుకునే కునికాను. పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. ఇలాగే పిక్కలు పట్టేసి గావుకేకలు పెట్టేదాన్ని.”

“మరి నాకు చెప్పలేదే?”

“చెప్పాను. మీరు టీవీ సౌండు పెంచారు.”

చెప్పులు కొనడానికొచ్చినావిడ ఫక్కున నవ్వింది. మేనేజరు భార్య అద్దాల గదిలోంచి తిరిగే కుర్చీని బరబరా లాక్కొచ్చి ఆమెను కూర్చోబెట్టింది.

“పొట్ట గట్టిపడుతోందా తల్లీ?”

“అప్పుడప్పుడు గట్టిపడి వదిలేస్తోందమ్మా.”

“అది మామూలే. కానీ ఆగకుండా వరసగా వస్తుంటే ఆస్పత్రికెళ్లు. మొహం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తలనొప్పి తగ్గకపోయినా వెంటనే వెళ్లు. ఈయన్నడిగి మాత్రం వెళ్లకు.”

మర్నాడు ఒక స్టూలు వచ్చింది. దాంతోపాటు గోడమీద నోటీసు: ‘మేనేజరుగారి ప్రత్యేక చొరవతో గర్భిణులు కూర్చోవచ్చు.’ స్టూలు మీద చెయ్యేసి ఆయన ఫొటో దిగాడు. యజమాని మెచ్చుకున్నాడు. ఎనిమిది నెలల బరువు మోస్తున్నది ఆయనేనేమో అన్నంత వినయంగా ఆ మెప్పును అందుకున్నాడు.

ఆమె ఇంకో మూడు వారాలు పనిచేసి సెలవు పెట్టింది. ఆడపిల్ల పుట్టింది. పది రోజులకే నిటారు ఫోన్ చేశాడు.

“డ్యూటీకి ఎప్పుడొస్తావమ్మా? ఇప్పుడంతా తేలికేగా!”

“పాప ఏడుస్తోంది సార్, ఏం వినపడట్లేదు,” అని పెట్టేసింది.

పాప హాయిగా నిద్రపోతోంది.