సన్యాసిరావు నమ్మని కూత

నేను ఒక సైరన్‌ని. కరెంటుతో అరిచే జాతి కాదు, పిడి పట్టుకుని తిప్పితే ఏడ్చే జాతి. కలకత్తా దగ్గరి కార్ఖానాలో నన్ను బిగించినవాడు మొదటిసారి తిప్పి చూసి, "అచ్చం మా అమ్మ గొంతే" అన్నాడు. రాబోయే కీడును అందరికంటే ముందే ఊహించుకుని బెంబేలెత్తడం తల్లి పని, నా పనీ అదే. వినేవాళ్ళు విసుక్కోవడం కూడా ఇద్దరికీ సమానమే.

మీ పుస్తకాల్లో, 1942లో జపాను విమానాలు మన తీరం మీద బాంబులు వేసి వెనక్కి పోయాయని ఉంటుంది. నేను బతికిన యుద్ధంలో వాళ్ళు పోలేదు. దిగారు. విశాఖకు ఉత్తరాన, మా గవ్వలపేట ఇసుకలోనే దిగారు.

నన్ను దిబ్బ మీద పాతి, సన్యాసిరావు అనే ఆఫీసరుకు అప్పగించారు. తిప్పడానికి జాలరి పోలమ్మను పెట్టారు. కనుచూపు చివర చుక్కలా కనిపించే తెప్ప ఎవరిదో ఒడ్డున నిలబడే చెప్పగలదామె. ఆమెకు ఒక్కగానొక్క కొడుకు, ఎల్లాజీ. వాడు నీటి మీద ఉన్నంతసేపూ ఆమె ప్రాణం నా పిడి మీద ఉండేది. ఆ భయంతోనే రంగూను నుంచి జనాన్ని తెస్తున్న స్టీమరు పొగను చూసి మూడుసార్లు నన్ను తిప్పేసింది. ఊరంతా కందకాల్లో దూకింది. తీరా దిగింది వాళ్ళ బావమరుదులూ, మేనత్తలూ! అందరూ నవ్వుకున్నారు. సన్యాసిరావు మాత్రం నా పిడికి గొలుసు వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

నాలుగోసారి ఆమె ఆయన కాళ్ళ మీద పడింది.

"తాళం తియ్యి బావూ! నా గుంటడు నీటి మీదున్నాడు. అయి రంగూను పడవలు కావు!"

"పొగ కనిపిస్తే చాలు, నీకు శత్రువే. ఇవాళ అక్కడ మీ వియ్యపురాలు వంట చేస్తోందేమో చూడు," అని ఆయన భోజనానికి వెళ్ళిపోయాడు.

గొలుసును లాగి లాగి ఆమె అరచేతులు చిట్లాయి. గాలి సముద్రం వైపే వీస్తోంది. నేను కూసి ఉంటే ఎల్లాజీకి వినిపించేదే. సాయంత్రానికి జపాను పడవల వెనకే ఖాళీ తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

సన్యాసిరావు వారం తిరక్కుండానే కొత్త దొరలకు వంగి సలాం చేసి, అదే కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు ఇంగ్లీషు విమానాల భయం. సైరన్‌కు అడ్డుపడినవాడి తల తీసేస్తామని దొరలు చాటింపు వేయించారు. గొలుసు ఊడింది. పోలమ్మ మళ్ళీ వచ్చింది. ఏడవలేదు. నా ఇరుసుకు సొరచేప నూనె రాస్తూ, "గొంతు బాగుండాలే నీది. నీతో పనుంది నాకు," అంది.

దిబ్బ కింది ఇంట్లో సన్యాసిరావు విస్తరి ముందు కూర్చోగానే ఆమె నన్ను తిప్పేది. ఆయన పులుసు చేతితోనే వీధి కందకంలోకి దూకేవాడు. రోజూ అంతే. పేటవాళ్ళకు మాత్రం ముందే చెప్పి ఉంచింది: "నా ఎర్ర కొంగు ముక్క గెడకి కడితేనే పరిగెత్తండి. నేకపోతే కదలకండి." దొరలేమో, ఎన్నిసార్లు కూస్తే అంత జాగ్రత్తగల మనిషి అని ఆమెను మెచ్చుకున్నారు. రెండు నెలలయ్యేసరికి సన్యాసిరావు విస్తరి ముందు నుంచి లేవడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం పడమటి నుంచి విమానాలు నిజంగానే వచ్చాయి. పోలమ్మ గెడకు గుడ్డ కట్టి, రెండు చేతులా పిడి పట్టి తిప్పింది. నా జన్మలో అంత గట్టిగా ఎన్నడూ కూయలేదు. ఆమె ఒక్క సెకను ఆలస్యం చెయ్యలేదు, ఒక్క చుట్టు తగ్గించలేదు. తిప్పుతూ ఆయన ఇంటి గుమ్మం వైపే చూసింది. గుమ్మంలోకి ఎవరూ రాలేదు. తర్వాత ఆ గుమ్మమే లేదు.

చేపల కోసం రేవుకు వచ్చిన సన్యాసిరావు తల్లిని పేట ఆడవాళ్ళు చెయ్యి పట్టి కందకంలోకి లాక్కుపోయారు. అందుకే బతికింది. మర్నాడు ఆ ముసలావిడ దిబ్బ ఎక్కి పోలమ్మ చేతులు పట్టుకుంది.

"అంతసేపు కూశావు కదమ్మా. పేటంతా నమ్మి పరిగెత్తింది. నా కొడుకొక్కడే ఎందుకు నమ్మలేదు తల్లీ?"

పోలమ్మ చేతులు విడిపించుకోలేదు.

"నా కొడుకైతే నమ్మీవోడే అమ్మగోరూ," అంది. "ఆడికి ఇనపడనేదంతే."

ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఒక్కొక్క వేలే వదిలేసి దిబ్బ దిగిపోయింది.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. 'ఒక ఊరిని కాపాడిన సైరన్' అని పక్కన చీటీ పెట్టారు. చదివి తల్లులు నాకు దణ్ణం పెట్టి పోతుంటారు.