పంపు మాన్పించిన నెల

కుసుమకుమారి విజయనగరంలో ఫార్మసీ పీజీ చదువుతోంది. పిల్లల ఉబ్బసానికి చైనా సంప్రదాయ మందుల మీద ఎవరెవరు పరిశోధిస్తున్నారో, ఆ పరిశోధన ఎటు పోతోందో తేల్చడం ఆమె థీసిస్. అక్క కూతురు తులసికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉబ్బసం. ఆ విషయం ఎంచుకోవడానికి కారణం అదే.

అక్క దుర్గాభవాని, బావ గిరిబాబు శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్లో చేపల వ్యాపారం చేస్తారు. వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్లిన కుసుమ వసారాలో లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే, గిరిబాబు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఈ గీతేటి, ఇలా పైకెలిపోతన్నాది?"

"పిల్లల ఉబ్బసానికి చైనా మూలికల మీద ఏటేటా వస్తున్న పరిశోధనలు బావా. ఈమధ్య బాగా పెరిగాయి."

"అయితే పనిసేస్తన్నట్టే కదా?"

"చూస్తున్నారు బావా," అని కుసుమ మళ్లీ తన పనిలో పడిపోయింది.

గిరిబాబుకి ఆ మాట చాలింది. ఉబ్బసానికి వాడే ఇన్‌హేలర్ పంపు పీలుస్తోందని బళ్లో పిల్లలు వెక్కిరిస్తే తులసి ఏడుస్తూ ఇంటికొచ్చింది. అప్పటి నుంచి ఆయనకి పంపంటేనే గిట్టదు. విశాఖలో ఎవరో అమ్ముతున్నారని విని చైనా పొడి తెప్పించాడు. పిల్ల రోజూ పొద్దున్నే పీల్చే పంపు మాన్పించేశాడు. భవాని సందేహిస్తే, "మీ సెల్లే సెప్పినాదే," అన్నాడు. కొన్నాళ్లు పిల్ల బాగానే ఉంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తులసికి ఆయాసం ఎక్కువైంది. ఆయాసం వచ్చినప్పుడు పట్టే రెండో పంపు వెతికి తీస్తే అందులో మందు లేదు. ఎన్నాళ్లుగానో ఎవరూ దాన్ని చూడలేదు. పిల్ల పెదాలు నల్లబడుతుంటే ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్లారు.

అక్క ఫోను అందుకుని కుసుమ ఆస్పత్రికి వచ్చేసరికి తులసి మూతికి మాస్కు పెట్టి ఉంది. ఊపిరి కాస్త కుదుటపడింది. గిరిబాబు వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నువ్వు సెప్పినావనే ఇచ్చినాను," అన్నాడు.

"పంపు ఆపమని నేనెప్పుడు చెప్పాను బావా?"

"గీత పైకెల్తందన్నావు కదేటి."

కుసుమకి కోపం వచ్చింది.

"ఎంతమంది వెతుకుతున్నారో ఆ గీత చెబుతుంది బావా. మందు దొరికిందో లేదో చెప్పదు. నేను చదివిన పరిశోధనల్లో చాలావాటిలో పంపు ఆపలేదు. పంపు ఇస్తూనే, దాంతోపాటు మూలిక ఇచ్చి చూశారు."

"ఆ ముక్క ఆ రోజే సెప్పాల."

"చెప్పాల్సింది," అంది కుసుమ.

విజయనగరం వెళ్లాక ఆమె తన గైడు గణపతిరావుని కలిసింది. ఏ పరిశోధనలో మామూలు మందు కొనసాగించారో, ఎందులో ఆపారో థీసిస్‌లో విడిగా చూపిస్తానంది. మళ్లీ అన్నీ మొదటి నుంచి చదవాల్సి వస్తుందని ఆయన హెచ్చరించాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది.

అంతకుముందు, ఆస్పత్రి నుంచి పంపించే రోజు, గిరిబాబు నర్సునడిగి పంపు ఎలా పట్టాలో నేర్పించుకున్నాడు. ఖాళీ పంపు నోట్లో పెట్టుకుని పీల్చి వెంటనే వదిలేశాడు.

"అలా కాదు నాన్నా," అంది మంచం మీది నుంచి తులసి. "కాసేపు ఊపిరి బిగబట్టాల."

ఆయన మళ్లీ పట్టాడు.