ఇల్లు మీదే, తాళం నాది

"ఎస్తేరూ, ఉగ్గు మస్తు గట్టిగైంది. జర నీళ్లు పొయ్యి. పిల్ల గొంతుల పడ్తది."

గిన్నెలో చెంచా తిప్పుతున్న నా చెయ్యి ఆగింది. అత్తమ్మ ఉండేది జనగామలో. నేనున్నది ఉప్పల్‌లో, చిలకానగర్ గల్లీలో, రెండో అంతస్తులో. మాట వచ్చింది మాత్రం టీవీ పక్కన పెట్టిన తెల్ల కెమెరాలోంచి. కోడిగుడ్డంత ఉంటది గాని దానికి కన్నుంది, చెవుంది, నోరు కూడా ఉంది. "పోస్తున్న అత్తమ్మా" అని ఆ గుడ్డుకే చెప్పి నీళ్లు పోసిన.

ఆ కెమెరా కావాలన్నది నేనే. పోయిన ఎండాకాలం మా పిల్ల అమ్ముకు జరమొచ్చి ఫిట్స్ వచ్చినయి. నా ఒళ్లోనే కండ్లు తేలేసింది. దవాఖానాకు పోయే ఆటోలో ఆ చిన్న ఒళ్లు కట్టెలెక్క బిగుసుకున్నది నా చేతులింకా మరిచిపోలే. అప్పటి నుంచి స్నానానికి పోయినా నా చెవులు బాత్రూం బయటనే ఉంటయి. పిల్ల నిద్రపోతుంటే ముక్కు కాడ వేలు పెట్టి చూస్తా. ఊపిరి తగిలితే నాకు ఊపిరొస్తది. మా ఆయన ఎబినేజర్, నాకు మేనబావే, పోచారంలో సాఫ్ట్‌వేర్ పని చేస్తడు. నా ఫికర్ చూడలేక తెచ్చిండు. "ఇగ నువ్వు ఏ రూంల ఉన్నా పిల్ల నీ ఫోన్‌ల కనబడ్తది" అన్నడు. ఆ రోజు సంతోషానికి ఏడ్చిన.

తర్వాత బావ తన ఫోన్‌లో కూడా పెట్టుకున్నడు. తండ్రి కదా. ఆ తర్వాత జనగామ పోయినప్పుడు అత్తమ్మ ఫోన్‌లో పెట్టి వచ్చిండు. నాయనమ్మ కదా. పిల్లను చూడనీకి పెట్టిన కన్ను పిల్ల పండుకున్నంక కూడా తెరిచే ఉండేది. "చున్నీ యాడబోయింది? కిటికీ తెరిచుంది సూడు." "పగటిపూట ఆ ఒరుగుడేంది, బట్టలు మడత పెట్టలే?" అనేది అత్తమ్మ. బావయితే సాయంత్రం బూట్లు విప్పుతూ నవ్వుకుంటనే అడిగేటోడు, "ఇయ్యాల మీ కాలేజీ దోస్తు ప్రజ్ఞతోని మస్తు ముచ్చట్లు పెట్టినవ్, ఏంది సంగతి?" అది తిట్టు కాదు. తిట్టయితే ఎదురు మాట్లాడొచ్చు. ప్రేమగా అడిగిన దానికి జవాబు చెప్పాలె. చెప్పి చెప్పి, నేల తుడవడానికి వంగినప్పుడు కూడా నైటీ మెడ కాడ చెయ్యి పెట్టుకునుడు నాకు అలవాటైంది. ఇంట్లో ఎవ్వరూ లేకున్నా ఎవరో ఫోటో తీస్తున్నట్టే తిరిగేదాన్ని.

ఒకనాడు పొద్దున బావ ఉప్మా తినుకుంట ఆఫీసోళ్లతో ఫోన్ మాట్లాడిండు. మాట్లాడుతుంటేనే ముఖం మారింది. ఫోన్ పెట్టేసి, ప్లేటు పక్కకు జరిపి, పోయి కెమెరా ప్లగ్గు పీకిండు.

"ఏమైంది బావ?"

"కర్నెల్‌ల లోపం బయటపడ్డది. నీకు సమజయ్యేటట్టు చెప్పాల్నంటే, ఫోన్లకూ కెమెరాలకూ లోపల గుండెకాయ అసోంటిది ఉంటది. ఎవరికి ఎంత జాగ ఇయ్యాలె, ఎవరు ఏది ముట్టొచ్చు, అన్నీ అదే సూసుకుంటది. దాంట్ల ఒకకాడ తప్పు జరిగింది. వాడుకొని వదిలేసిన మెమరీని పాతోడు మళ్ల ముట్టొచ్చు. ఆ సందు పట్టుకొని బయటోడు మొత్తం లోపలికొస్తడు. ఈ కెమెరాల కూడా అదే కర్నెల్. యాడనో ఎవడో కూసొని పొద్దంత నిన్ను సూస్తుంటే ఎట్లుంటది జెప్పు?"

ఎట్లుంటదో నాకు తెలుసు.

"సరిచేసిన సాఫ్ట్‌వేర్ వచ్చేదాక ప్లగ్గు పెట్టకు" అని బండి తాళాలు తీసుకొని పోయిండు.

ఆ పొద్దంతా నాకు భయమే. పొయ్యి దగ్గరికి, మంచం దగ్గరికి తిరుగుడే సరిపోయింది. పప్పు అడుగంటింది. మధ్యాహ్నం అమ్ము నిద్రపోయినంక చాప తెచ్చి మంచం పక్కనే ఏసుకొని ఒరిగిన. ఒరిగినంక గుర్తొచ్చింది, నన్నెవరూ చూస్తలేరని. లేచి కూసోలే. జడ విప్పేసుకున్న. ఫ్యాను గాలికి వెంట్రుకలు ముఖం మీద పడుతుంటే, ఎందుకో కాలేజీకి పోయిన ఘట్‌కేసర్ బస్సు యాదికొచ్చింది.

ఉప్పల్ రింగ్‌రోడ్డు కాడ ఎక్కితే నాకూ ప్రజ్ఞకూ కలిపి ఒక్క సీటు దొరికేది. సగం సగం కూసునేటోళ్లం. నారపల్లి దాటినంక గాలి మారేది. పోచారంలో అద్దాల బిల్డింగులు కనబడంగనే ప్రజ్ఞ మోచేత్తో పొడిచి "అగో మనాఫీసు" అనేది. ఏ బిల్డింగన్నది రోజూ మార్చేది. నిన్నటిది నచ్చలేదానే అంటే, "క్యాంటీన్ మంచిగలేదంట" అనేది. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో శారద మేడం మాకు సీ లాంగ్వేజీ చెప్పేది. ప్రోగ్రాం తనకు కావాల్సిన జాగ అడిగి తీసుకుంటది, పనయినంక తిరిగి ఇచ్చేస్తది. ఆ జాగ యాడుందో చూపించే గుర్తును పాయింటర్ అంటరు. జాగ ఇచ్చేసి గుర్తు చెరపకపోతే ఏమైతదని మేడం ఒకరోజు అడిగింది. నా నోట్లోంచి ఊరికే వచ్చేసింది. "కిరాయికున్నోడు రూం ఖాళీ చేసిండు గాని తాళంచెవి ఇయ్యలే మేడం."

అందరూ నవ్విన్రు. వెనక బెంచీ నరేన్ "టు-లెట్ ఎస్తేర్" అన్నడు. ఆ పేరు ఏడాదంతా నాకు అంటుకొనే ఉండె. మేడం మాత్రం నవ్వలే. చాక్‌పీసు టేబుల్ మీద పెట్టి, "మరి కొత్తగా దిగినోళ్ల గతేంది?" అన్నది. "వాళ్ల సామానంతా పాతోడి చేతిల ఉన్నట్టే మేడం." ఆమె బోర్డు మీద ఒక ఇల్లు గీసింది. దానికి తలుపు గీసింది. ఆ సాయంత్రం ఉప్పల్ దాకా నిలబడే వచ్చినా కాళ్లు నొయ్యలే.

ఆ జవాబు నాకు పుస్తకంలోంచి రాలే. నాచారం నుంచి వచ్చింది. మా నాన్న అబ్బయ్య లేత్ మిషన్ మీద చేసేటోడు. అమ్మ మరియమ్మ మందుల కంపెనీలో సీసాలకు చీటీలు అంటించేది. మేమున్నది వరుసగా కట్టిన కిరాయి రూముల్లో. సాయంత్రమైతే గాలిలో మందుల వాసన నిండేది. వేరేటోళ్లు ముక్కు మూసుకునేటోళ్లు, నాకేమో ఆ వాసనొస్తే అమ్మ వచ్చే టైమైందని సంతోషం. ఒకరోజు అమ్మ జల్ది వచ్చింది. ఓనరు జనార్ధనరావు మా మంచం మీద కూసొని, మా ఫ్యాను ఏసుకొని, పేపరు చదువుతున్నడు. ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉండె. "మోటరు సూడనీకి వచ్చిన మరియమ్మా" అన్నడు. మోటరు ఉండేది బయట బోరు కాడ. అమ్మ మంచం మీది దుప్పటి తీసి నానబెట్టింది. మర్నాడు ఇత్తడి తాళం కొనుక్కొచ్చి గొళ్లేనికి ఏసింది.

"నా ఇంటికి నీ తాళమేంది?" అని ఓనరు గయ్యిమన్నడు.

"ఇల్లు మీదే సారూ. తాళం నాది" అన్నది అమ్మ.

అప్పటి నుంచి ఎన్ని ఇండ్లు మారినా అమ్మ మొదట జేసే పని అదే. గిన్నెలు దించకముందు, ప్రార్థన చేయకముందు, పాత తాళం తీసి తన తాళం ఏసి చూసేది. నాన్న నెత్తి మీద మూటతో గడప కాడ నిలబడి, "జల్ది ఎయ్యవే, మెడ ఇరుగుతుంది" అని మొత్తుకునేటోడు. నేను ఆ తాళంచెవి మెడలో దారానికి కట్టుకొని బడికి పోయేదాన్ని. పరీక్షలప్పుడు పంటి కింద పెట్టుకుంటే ఉప్పగా తగిలేది.

నాన్న పనిచేసే యూనిట్ మూతపడ్డంక నా పెళ్లి మాట వచ్చింది. "పెండ్లయినంక సదువుకోదా? మా ఎబినేజరే సదివిపిస్తడు" అని అత్తమ్మ అందరి ముందరే అన్నది. తర్వాత అమ్ము కడుపులో పడ్డది. ఇగ ఆ మాట ఎవరూ ఎత్తలే. నేను కూడా ఎత్తలే. మేం ఈ ఫ్లాట్‌లో దిగిన రోజు అమ్మ ఆ ఇత్తడి తాళం కొంగులో ముడేసుకొని తెచ్చింది. బావ పగలబడి నవ్విండు. "ఫ్లాట్ తలుపుకు గొళ్లెం యాడుంది అత్తా!" నిజమే, లేదు. పిల్లి మూత తీయకుండ ఆ తాళాన్ని పాలగిన్నె మీద బరువు పెట్టుకుంటున్న.

కెమెరా ఆగిన రోజుల్లో నేనేం ఘనకార్యం చేయలే. చర్చిలో చిన్నప్పుడు పాడిన పాటలు గొంతెత్తి పాడిన, అమ్ము చప్పట్లు కొట్టింది. బాల్కనీలో ఊరికే నిలబడ్డ. ప్రజ్ఞకు ఫోన్ చేసి, ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టాల్నంటే ఎవర్ని కలవాలో అడిగిన. "టు-లెట్ ఎస్తేర్ వాపస్ వస్తుందంటే కాలేజీ గేటు కాడ నేనే బ్యానర్ కడ్త" అన్నది. అమ్ము కోసం భయం పోలే. కాకపోతే అది నా భయం, నా పిల్ల కోసం. నన్ను ఎవరో చూస్తున్నరన్న భయం మాత్రం లేదు. ఈ రెండూ వేరువేరన్నది నాకు అప్పుడే తెలిసింది.

ఇంకొక పొద్దున బావ ల్యాప్‌టాప్ ముందర పెట్టుకొని హుషారుగా ఉన్నడు. "సరైపోయింది. ఇంత లొల్లికి మార్చింది ఒక్క లైను, సూడు."

వంగి చూసిన. "జాగ ఇచ్చేసినంక గుర్తు చెరిపిన్రు" అన్న.

బావ నా దిక్కు చూసిండు. నిజంగనే సంబరపడ్డడు. "అరే, నీకింకా యాదికుందే! మా టీమ్‌ల చెప్త." మళ్లీ తెర దిక్కు తిరిగి, "చాయ్ అయిందా?" అన్నడు.

పోయి చాయ్ పెట్టిన. పాల గిన్నె మీది తాళం తీసి చేతిలో పట్టుకున్న. చల్లగుంది. పాలు పొంగేదాక పట్టుకొనే నిలబడ్డ.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్. "కెమెరాకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ప్లగ్గు పెట్టు, అదే ఎక్కుతది. ఎక్కినంక పాతయన్నీ పోయి పాస్‌వర్డ్ అడుగుతది. నాది ఉంది గదా, అదే పెట్టు. లేకపోతే అమ్మ ఫోన్‌ల మళ్ల మార్చుడు పరేషాన్."

ప్లగ్గు పెట్టిన. కెమెరాలో నీలం దీపం చాలాసేపు మిణుకుమన్నది. నా ఫోన్‌లో ఖాళీ గడి వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ అని. మంచం మీద అమ్ము బోర్ల పడుకుంది, వీపు లేస్తూ దిగుతూ కనిపిస్తుంది. బావ సాయంత్రం వచ్చి కెమెరా వెనక రీసెట్ బటన్ నొక్కితే అన్నీ మళ్లీ మొదటికొస్తయి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అప్పుడు నా ముందర నిలబడి నొక్కాలె. నేను చూస్తుంటే నొక్కాలె.

ఇల్లు మారిన రోజు అమ్మ మొదట చేసే పని నేనూ చేసిన.

కాసేపటికి ఫోన్ మోగింది. "నా దగ్గర వస్తలేదేంది? అమ్మ కూడా రెండుసార్లు ఫోన్ చేసింది. ఏం పెట్టినవ్?"

"నాది పెట్టిన బావ."

అటువైపు ఎవరో కీబోర్డు కొడుతున్న చప్పుడు వినబడుతుంది.

"నాది అంటే?"

"అమ్ము మంచిగ పడుకుంది. నేను సూస్తున్న."

"మరి నాకు సూడాలనిపిస్తే?"

"ఇంటికి రా బావ. తలుపు కొట్టు, తీస్త."