గంజి పెట్టిన జీన్ గౌను

నరసరావుపేటలో నేనడిగిన టైలర్లందరూ జీన్ గుడ్డతో పాంట్లే కుడతామన్నారు. "ఆడపిల్లకి జీన్ గౌనేందమ్మా?" అని ఒకడు నవ్వాడు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన ఐజాక్ మా పాప రూతు కోసం గుంటూరులో ముచ్చటపడి కొన్న గుడ్డ అది. ఇంటికొచ్చి నా మిషను మీదే కుట్టడం మొదలుపెట్టాను. నడుము కుచ్చుల దగ్గర రెండు సూదులు విరిగాయి. అక్కడ పెడల్ మీంచి కాలు తీసేసి, చక్రం చేత్తో తిప్పుకుంటూ ఎలాగో పూర్తిచేశాను.

నూలుగుడ్డే కదా అని, అలవాటుకొద్దీ ఉతికి గంజి పెట్టి ఆరేశాను. సాయంత్రం తీసి కింద పెడితే గౌను దానంతటదే నిలబడింది. పక్కింటి కుల్సుం అక్క చూసి, "ఏందే కరుణా, లోపల పిల్లని పెట్టి కుట్టావా?" అంది.

తెల్లారితే ఆదివారం. మళ్లీ ఉతికితే ఆరదు. మా రూతేమో అదే వేసుకుంటానని కూర్చుంది.

చర్చిలో పిల్లలంతా చాపల మీద కూర్చున్నారు. రూతు ఆ గౌనుతో వంగలేక అలాగే నిలబడిపోయింది. కంఠతా పట్టిన బైబిల్ వాక్యం చెప్పడానికి లేచిందనుకుని పాస్టరుగారి మొహం వెలిగింది. "వాక్యం చెప్తావా తల్లీ?" అన్నారు.

నలుగురిలో ఏనాడూ నోరు విప్పని పిల్ల. రూతు నావైపు చూసింది. కుచ్చుల్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఎక్కడా తడబడకుండా వాక్యమంతా చెప్పేసింది.

ఇంటికొస్తూ, "ఈసారి గంజి లేకుండా ఉతుకుతాలేవే" అన్నాను.

"వద్దమ్మా," అంది రూతు. "వచ్చే ఆదివారానికి ఇంకా చిక్కగా పెట్టు."