మందం వైపు

జమ్లి స్లాబు ఒక మూలను పట్టుకుని పైకి లేపింది. కంప్యూటర్ తెర మీద పైకప్పుతో పాటు దాని అడుగు కూడా వంగి, గది మొత్తం ఒరిగినట్టయింది. ఆమె ఆ మార్పును రద్దు చేసి, కాంక్రీటు పొర మందం మారవచ్చని గుర్తు పెట్టింది. ఈసారి అడుగు చదునుగా నిలిచింది. పైభాగం మాత్రం వాననీటి గొట్టం వైపు వాలింది. గొట్టం దగ్గర మందం ఐదు అంగుళాలు, అవతలి మూల ఎనిమిది.

బాన్సువాడలో, బట్టల కొట్టు పైన ఉన్న ఇంజనీరు ఆఫీసులో ఆమె రోజూ చేసే పని ఇదే. సన్నటి మనిషి, బిగించి చుట్టిన ముడి, ఎండకు కమిలిన ముంజేతులు. నస్రుల్లాబాద్ దగ్గరి తండా నుంచి పొద్దున బస్సుకు వస్తుంది. భర్త గోప్యా పోయాక ఆమె కంప్యూటర్ నేర్చుకున్నది బతకడానికని అందరూ అనుకున్నారు. గోప్యా మీద ఏం పడిందో తెలుసుకోవడానికి నేర్చుకుంది.

గోప్యా సెంట్రింగ్ పనివాడు. బీర్కూర్‌లో గుత్తేదారు లచ్చిరాం పోయిస్తున్న స్లాబు కింద ఆసరా గుంజలు సరిచూస్తుంటే, ఒక మూల విరిగి అతని మీద పడింది. తాగొచ్చి గుంజను తన్నేశాడని లచ్చిరాం తండా అంతా చెప్పాడు. దినాల నాడు, అన్నం తింటూ కూడా చెప్పాడు. గోప్యా సొంత తల్లి కూడా నమ్మింది.

ఈ రోజు తెర మీద ఉన్నది లచ్చిరాం సొంత ఇల్లు.

వాలును తిప్పేస్తే వాన నీళ్లన్నీ అతని పడకగది మీద నిలుస్తాయి. పొద్దుటి నుంచి ఆ ఆలోచన ఆమె వేలి చివరే ఉంది. కానీ కప్పు కారితే అతను తిట్టేది మళ్లీ ఎవరో ఒక కూలీనే. ఆమె వాలును ముట్టుకోలేదు.

మధ్యాహ్నం లచ్చిరాం కొత్త తోలు చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చాడు. వెంట సెంట్రింగ్ మేస్త్రి నర్సింలు, అతని మనుషులు ఇద్దరు.

"ఏం జమ్లీ, మా ఇల్లు సక్కగ గీస్తున్నవా, వంకర పెడుతున్నవా?" అని నవ్వాడు.

ఆమె బొమ్మలో స్లాబును నిలువునా కోసి చూపించి, తెరను నలుగురి వైపూ తిప్పింది.

"అన్నా, గుంజలు ఏ దిక్కు ఎక్కువ పెట్టాలె?"

"గిదేం అడుగుడు? మందం దిక్కు. గా మూలకు రెండింతలు ఉండాలె. లేకుంటే బరువుకు కూలుతది."

"బీర్కూర్ల ఇరిగింది గూడ మందం మూలనే. ఆడ గట్లనే పెట్టినవా?"

లచ్చిరాం నవ్వు ఆగింది. అప్పటి సంగతి ఇప్పుడెందుకన్నాడు. ఇంజనీరు లోపలి గదిలోంచి తల ఎత్తి చూశాడు. నర్సింలు లచ్చిరాం వైపు తిరిగాడు.

"గోప్యా అడిగిండు," అన్నాడు. "ఇంకిన్ని గుంజలు తెప్పియ్యమన్నడు. ఉన్నయి చాలన్నవ్ నువ్వు. వాడు తాగలే. నేను పక్కనే ఉన్న."

"ఇగ తండాకు రా," అంది జమ్లి లచ్చిరాంతో. ఆమె గొంతు పెరగలేదు. "దినాల నాడు కూసున్న చోట్నే నిలబడి గీ ముచ్చట చెప్పు. చెప్పినదాక నీ గుంజలు నువ్వే మొయ్."

లచ్చిరాం నర్సింలు వైపు చూశాడు. నర్సింలు మెట్లు దిగాడు. మిగతా ఇద్దరూ అతని వెంటే దిగారు. లచ్చిరాం వాళ్లను పేర్లు పెట్టి పిలుస్తూ వెనకే పరుగెత్తాడు.

రేపటి నుంచి రావద్దని ఇంజనీరు చెప్పాడు. ఆమె సరేనంది. మందం మూల దగ్గర గుంజలు రెండింతలని రాసి, బొమ్మను భద్రపరచి, తెర ఆపేసింది.

ఆమె వెళ్లాక గడప బయట ఒక జత కొత్త తోలు చెప్పులే మిగిలాయి, మొనలు లోపలికి పెట్టుకుని.